మూలపురుషుడి పదివేల ఏళ్ళు

ఒకానొక రాజ్యం అనే అనుకుందాం. పాలవంక అని పేరు చెప్పేవాళ్ళు మా ఇంట్లో, అదెక్కడుందో నేను ఏ పటంలోనూ చూడలేదు. దాన్ని ప్రతాపధవళుడనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, గొప్పలకి పోతాడు అంతే. పొద్దున్నే ఆయన కళ్ళు తెరిచేసరికి నలభైమంది భటులు గుమ్మం ముందు వరసగా నిలబడి 'మహారాజు చిరకాలం వర్ధిల్లాలి' అని అరవాలి. ఆ అరుపుకి ముందు కాకులు లేచేవి, తరవాత రాజుగారు లేచేవాడు.

ఆయనకి యాభై రెండో ఏడు వచ్చింది. మీసంలో తెలుపు, మోకాళ్ళలో నొప్పి. ఆ రోజుల్లోనే ఆస్థాన పండితుడు సర్వేశ్వరశాస్త్రి సభలో రాజుగారి వంశపురాణం చదువుతూ, 'మూలపురుషుడు పదివేల ఏళ్ళు జీవించి స్వర్గస్థుడయ్యెను' అన్నాడు.

రాజు చెయ్యెత్తి ఆపాడు. "పదివేల ఏళ్ళా? అదే రక్తం కదా నాది. మరి నాకు యాభైకే మోకాళ్ళెందుకు పట్టేశాయి?"

సభలో అందరూ గొంతు సవరించుకున్నారు. ఒకాయన లేచి, "ప్రభూ, పూర్వం రోజుని ఏడాదిగా లెక్కపెట్టేవారు" అన్నాడు. రాజు వేళ్ళు మడిచి చూసుకుని, "అంటే మా మూలపురుషుడు ఇరవై ఏడేళ్ళకే పోయాడంటావా?" అన్నాడు. ఆయన కూచున్నాడు. ఇంకొకాయన, "ఒక్కరు కాదు ప్రభూ, ఆ వంశంలో వాళ్ళందరినీ కలిపి ఒక్క పేరుతో చెప్పారు" అన్నాడు. "అంటే నన్ను కూడా ఆయన లెక్కలోనే కలిపేస్తారా?" అన్నాడు రాజు. ఆయనా కూచున్నాడు.

ఇక తన వంతు వస్తుందని శాస్త్రికి చెమటలు పట్టాయి. "ఆనాటి వైద్యులకి ఆ మందు తెలుసు ప్రభూ. ఈనాటి వైద్యుడికి తెలియదో, తెలిసి దాస్తున్నాడో" అనేశాడు.

ఈనాటి వైద్యుడంటే గుండయ్య. డెబ్బై ఎనిమిదేళ్ళవాడు. కోట వెనకాల ఆయన పెంచిన మూలికల తోట ఉంది. ఊళ్ళో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా సంచీ భుజాన వేసుకుని నడిచి వెళ్ళేవాడు. ఆయన్ని పిలిపించారు.

"గుండయ్యా, పదివేలు అక్కర్లేదు. నాకు వెయ్యేళ్ళు చాలు" అన్నాడు రాజు, తగ్గించి అడుగుతున్నట్టు.

"ప్రభూ, నా దగ్గర మోకాళ్ళకి తైలం ఉంది. వెయ్యేళ్ళకి మందు లేదు."

"పదిహేను రోజుల్లో ఉండాలి. లేదంటే పొలిమేర దాటి వెళ్ళిపో."

గుండయ్య ఇంటిదారి పట్టాడు. ఆ వయసులో, ఆ తోట వదిలి ఎక్కడికి పోతాడు చెప్పండి. తోటలోకి వెళ్ళి, తను లేకపోతే ఏ మొక్కకి ఎన్ని నీళ్ళు పొయ్యాలో పక్కింటావిడకి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాటలు రాజుగారికి ఉత్తరాలు రాసిపెట్టే కొమ్మన చెవిన పడ్డాయి. కొమ్మన నోరు సభలో అందరికీ తెలుసు, రాజుకి మరీ తెలుసు.

మర్నాడు కొమ్మన రాజు ఎదుట చేతులు కట్టుకుని, "ప్రభూ, మూలపురుషుడికి పదివేల ఏళ్ళు ఎక్కడ దొరికాయో నేను చూపిస్తాను. కాకపోతే కొంచెం పథ్యం ఉంది" అన్నాడు.

"ఏమిటది?"

"ముతక పంచె కట్టాలి. తలకి గుడ్డ చుట్టాలి. గుండయ్యగారి మందుల సంచీ మొయ్యాలి. అన్నిటికన్నా కష్టమైనది, మధ్యాహ్నం దాకా మాట్లాడకూడదు."

వెయ్యేళ్ళ ఆశ కదా, రాజు ఒప్పుకున్నాడు.

ముగ్గురూ బయల్దేరారు. ముందు గుండయ్య, వెనక సంచీతో రాజు, ఆ వెనక కొమ్మన. కుమ్మరి వీధి మలుపు తిరిగారో లేదో, ఒకావిడ ఎదురొచ్చింది. "నీకు నూరేళ్ళు తాతా. పిల్లకి ఒళ్ళు కాలిపోతోంది, ఇప్పుడే నిన్ను తలుచుకున్నాను." కొమ్మన తన ఉత్తరీయం అంచుకి ఒక ముడి వేశాడు.

తరవాతి ఇంట్లో మంచం మీద ముసలాయన, "వచ్చావా. నీకు నూరేళ్ళు. రాత్రంతా దగ్గుతూ నీ పేరే జపం చేశాను" అన్నాడు. ఇంకో ముడి. సాలెల ఇళ్ళలో మూడు, చేపలమ్మేవాళ్ళ దగ్గర అయిదు. "ఈ కొత్త కూలివాడెవడు తాతా, సంచీ మొయ్యడం కూడా చేతకాదు" అని ఒకత్తి నవ్వింది. రాజు మీసం అదిరింది గానీ పథ్యం గుర్తొచ్చింది.

మధ్యాహ్నానికి ఓ అరుగు మీద కూలబడ్డారు. రాజు గుసగుసగా, "ఏమిటోయ్ ఆ ముళ్ళు?" అన్నాడు.

"నలభై ఒకటి ప్రభూ. కావలసిన వేళకి వచ్చినవాడికి జనం నూరేళ్ళిస్తారు. వంశపురాణం రాసిన మీ పెద్దలు ఇలాంటివే కూడి లెక్కగట్టారు. మూలపురుషుడు బతికింది ఏ డెబ్బయ్యో. ఆయన్ని ఓ వంద గుమ్మాల్లో మనసారా నూరేళ్ళన్నారు. గుండయ్యగారికి ఈ పూటకే నాలుగువేల నూరు వచ్చాయి."

"మరి నాకు?"

అరుగు గలావిడ చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. కొమ్మన ఆవిణ్ణే అడిగాడు. "అమ్మా, రాజుగారిని ఎప్పుడైనా నూరేళ్ళు బతకమన్నావా?"

"పొద్దున్నే నలభైమంది చేత అరిపించుకుంటాడుగా, మళ్ళీ నేనెందుకు?" అందావిడ. "ఈ తాతని వెళ్ళగొడతాట్ట. వెళ్ళగొట్టనీ. అప్పుడు రాజుగారి మోకాళ్ళకి ఎవరు నూనె రాస్తారో చూస్తాను."

రాజు తల వంచుకుని సంచీ సర్దబోయాడు. లోపల శొంఠిపొడి పొట్లం విప్పుకుంది. గట్టిగా తుమ్మాడు.

గుండయ్య నీళ్ళు తాగుతున్నవాడు, వెనక్కైనా తిరక్కుండా, "నూరేళ్ళు నాయనా" అన్నాడు.

"కొమ్మనా, అది ముడి వెయ్యి" అన్నాడు రాజు.

"ఇది రెండోది ప్రభూ" అన్నాడు గుండయ్య. "పురుటిస్నానం నాడు మిమ్మల్ని నా చేతికిచ్చారు. అప్పుడూ తుమ్మారు. అప్పుడూ నేనే అన్నాను."

రాజు పకపకా నవ్వాడు. నవ్వుతూనే తలగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. శొంఠి ఘాటనే చెప్పుకున్నాడు లెండి. ఆ సాయంత్రమే వెళ్ళగొట్టే మాట వెనక్కి తీసుకున్నాడు. అరిచే నలభైమందినీ గుండయ్య తోటకి నీళ్ళు మొయ్యడానికి పంపాడు. తన పట్టుశాలువా తీసి కొమ్మనకి కప్పి, ఆ ముళ్ళ ఉత్తరీయం మాత్రం తన దగ్గర ఉంచుకున్నాడు.

ఆ తరవాత నెలకోసారి సంచీ ఆయనే మోసేవాడు. గుండయ్య పోయాక కూడా మానలేదు. తనకెవరైనా నూరేళ్ళంటే ఆ ఉత్తరీయం రెండో అంచుకి ఓ ముడి వేసేవాడు. ఎనభై ఒకటో ఏట రాజు కన్నుమూస్తే, ఆ అంచులో ముడి లేని చోటు లేదు.

ఇప్పటికీ ఆ వంశపురాణంలో, 'ప్రతాపధవళుడు తొమ్మిదివేల ఏళ్ళు జీవించెను' అని ఉంటుంది. మనిషన్నవాడు అన్నేళ్ళు ఎలా బతుకుతాడని చదివినవాళ్ళు వాదించుకుంటూ ఉంటారు. ఆ వీధుల్లో మటుకు ఎవరూ వాదించుకోరు.