లెక్కలో లేని దున్న

ఎర్రగుట్ట అడవిలో ఎండాకాలం వస్తే నీళ్ళుండేది ఒక్క మడుగులోనే. అదీ చిన్నది. పొద్దున్నే తాగినవాళ్ళకి తేటనీళ్ళు, మధ్యాహ్నం వచ్చినవాళ్ళకి బురద. అందుకని ఎవరెప్పుడు తాగాలో చెప్పే పెత్తనం కోసం ఏటా గొడవే. గుట్టవాళ్ళది ఒక జట్టు, పల్లంవాళ్ళది ఒక జట్టు. వయసొచ్చిన ప్రతి జంతువూ ఇసుకలో నిలబడాలి. ఎటు ఎక్కువమంది ఉంటే పెత్తనం వాళ్ళది.

ఈ రెండు జట్లకీ పైన ఒక పెద్ద ఉంటాడు. ఆయన చేసేదల్లా తలలు లెక్కపెట్టి, గెలిచినవాళ్ళని పిలిచి "ఇక మీరే చూసుకోండి" అనడం. రెండు వైపులా సమానంగా ఉంటే మాత్రం ఆయన ఎవరిని పిలిస్తే వాళ్ళదే. అందుకే పెద్ద అయినవాడు ముందు మడుగు మధ్యలో నల్ల బురదలో మునిగి లేవాలి, ఒంటిమీద తన మంద వాసన పోయేదాకా. ఆ ఎండాకాలమంతా మందలోకి వెళ్ళకూడదు. నీళ్ళు అందరికంటే ఆఖర్న తాగాలి.

ఆ ఏడాది గుట్ట జట్టు పని చూసేది నక్క. తిరిగి తిరిగి లెక్క తీసింది. ఇటు ఇరవై, అటు ఇరవై. వెంటనే తమ జట్టులోని ముసలి అడవిదున్న దగ్గరికి పరిగెత్తింది.

"మామా, ఈసారి పెద్దగా నువ్వే ఉండాలి."

"నాకెందుకురా? మొన్ననే నా కూతురు ఈనింది. దూడతో ఆడుకోనీ నన్ను."

"ఆ దూడ కోసమే చెప్తున్నా. మనం ఓడితే అది మిట్టమధ్యాహ్నం ఎండలో దిగి బురద తాగాలి. ఆలోచించుకో."

 "సరే, అందరూ ఒప్పుకుంటే ఉంటా" అంది దున్న.

పల్లం జట్టుకి పెద్దదిక్కు ముళ్ళపంది అత్త. నక్క అడగ్గానే ఆమె ఒప్పేసుకుంది. ఆ జట్టులోని కుందేలుకి ఒళ్ళు మండింది.

"ఏంటత్తా, వాళ్ళ దున్నని తెచ్చి మన నెత్తిన పెడతావా?"

"దాన్ని చిన్నప్పట్నుంచి ఎరుగుదును. మునిగిందంటే మునిగినట్టే. నువ్వూరుకో."

దున్న మునిగింది. కొమ్ముల కొసలు తప్ప ఒళ్ళంతా నల్లగా లేచింది. కూతురు ఎదురొస్తే దూడని వాసన కూడా చూడకుండా అవతలి ఒడ్డుకి వెళ్ళి నిలబడింది.

మర్నాడు తెల్లారగానే అందరూ ఇసుకలోకి దిగారు. దున్న ఒక్కో తలా లెక్కపెట్టింది. మళ్ళీ పెట్టింది.

"పల్లం ఇరవై. గుట్ట పంతొమ్మిది."

నక్క ఎగిరిపడింది. "పంతొమ్మిదేంటి మామా! ఇరవై ఉండాలి! ఎవడ్రా రానిది?"

గుట్ట జట్టు మేకలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాయి. అందరూ ఉన్నారు.

"నీ లెక్కలో నన్ను వేసుకున్నావా?" అంది దున్న.

నక్క నాలుక కరుచుకుంది. ముళ్ళపంది ముళ్ళు గలగలలాడేలా నవ్వింది. "ఒరే నక్కా! మా పని నువ్వే చేసిపెట్టావు కదరా!"

"మామా, వచ్చి ఇసుకలో నిలబడు. సమానమైపోతుంది. నువ్వు మావాడివే కదా!"

"నిన్నటిదాకా. ఇప్పుడు ఇటు చూసినా అటు చూసినా నాకు ఒక్కటే."

"దూడ సంగతి?"

దున్న ఒకసారి కూతురి వైపు చూసింది. తర్వాత పల్లం జట్టు వైపు తిరిగి, "ముళ్ళపందీ, ఇక మీరే చూసుకోండి" అంది.

కూతురు కన్నీళ్ళతో ముందుకొచ్చింది. "నాన్నా, ఆ ఎండకి నా బిడ్డ తట్టుకోదు. ఒక్క మాట చెప్పవా?"

"నన్నడగొద్దమ్మా. పెత్తనం ఆమెది. ఆమెని అడుగు."

అడిగింది. ముళ్ళపంది కాసేపు గుర్రుమంది. "పాలు తాగే పిల్లలు ఎవరివైనా సరే, తల్లితో పొద్దున్నే రావచ్చు. మిగతా గుట్టవాళ్ళంతా మధ్యాహ్నమే. ముఖ్యంగా నక్క."

ఆ మధ్యాహ్నం నక్క బురదనీళ్ళు తాగుతుంటే, దున్న కాస్త దూరంలో తన వంతు కోసం ఎదురుచూస్తోంది.

"నిన్ను పెద్దని చేసింది నేనే కదా మామా" అంది నక్క ఉక్రోషంగా.

"అవునురా. అందుకేగా ఒకటి తగ్గింది. తొందరగా తాగు, నాకూ దాహంగా ఉంది."

అదండీ సంగతి. అందరికీ పెద్దగా కూర్చోబెట్టినవాణ్ణి ఇంకా మనవాడే అనుకుంటే, తప్పేది మన లెక్కే.