అతిమధురగిరి మీద చాలుపువ్వు

పూర్వం ఎర్రమట్టి నేలల నడుమ దూదిగట్టు అనే చిన్న సీమను బుక్కపనాయనివారు అనే పాలెగారు ధర్మబద్ధంగా పరిపాలిస్తూ ఉండేవారు. వారి భక్తి అపారమైనది, ఉత్సాహం అంతకంటె అపారమైనది, ఓపిక మాత్రం అణుమాత్రమైనది. పదిమంది చేసే పుణ్యకార్యాన్ని పదింతలు చేస్తే తప్ప స్వామి దృష్టికి రాదని వారి దృఢవిశ్వాసం. ఊరికి పడమటనున్న కొండపై గరళకంఠేశ్వరస్వామి స్వయంభువై వెలసి ఉన్నారు. లోకరక్షణార్థం హాలాహలాన్ని గొంతులో నిలుపుకున్న దైవం గనుక, దగ్గులూ గొంతునొప్పులూ వచ్చినవారు ఆ స్వామికే మొక్కుకునేవారు.

ఆ స్వామిని ఏడు తరాలుగా అర్చిస్తున్న వంశంలో విరూపాక్షావధానులవారు జన్మించారు. ఏటేటా ఫాల్గుణ పౌర్ణమినాడు జరిగే రథోత్సవంలో ఆయన శిఖరద్వారం వద్ద నిలబడి రుద్రాన్ని కొండకింది జనానికి వినబడేలా పఠించాలి, అది విని కొండకింద పాలెగారు మోకుపై తొలిచేయి వేసి రథాన్ని లాగాలి. ఈ రెంటిలో ఏది తప్పి రథం కదలకపోయినా, అర్చకుడు గుడి తాళంచెవి గడపమీద పెట్టి కొండ దిగిపోవాలని పూర్వుల కట్టడి. అవధానులవారికి పొలంపుట్ర లేవు, బిడ్డలు లేరు. ఉదయం స్వామికి నీళ్ళు పోయడం, సాయంత్రం దీపం పెట్టడం, ఈ రెంటి మధ్యనే ఆయన బ్రతుకంతా ఉంది.

ఒక సంవత్సరం పుష్యమాసంలో పాలెగారు స్వామికి నూతన మండపం కట్టించడం మొదలుపెట్టగా, ఆ సున్నం దుమ్ముకు అవధానులవారి కంఠం పూర్తిగా మూగబోయింది. నమకం చదవబోతే ఈలపాటి శబ్దం కూడా రాలేదు. రథోత్సవం రెండు నెలలైనా లేదు. గుండె చెదిరిన ఆ బ్రాహ్మడు కొండమెట్ల దగ్గర మూలికల సంచితో కూర్చునే సుంకులమ్మ అనే వృద్ధురాలి ముందు చేరి, గొంతు చూపించి కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

ఆమె సంచిలోనుంచి పసుపుపచ్చని వేరుముక్క ఒకటి తీసి ఇచ్చింది. "ఇది అతిమధురం సామీ, దూరదేశపు వర్తకులు తెచ్చేది. రవ్వంత దంచి గిన్నెడు నీళ్ళలో కాచి పొద్దున ఒకతూరి తాగు. గొంతు మెత్తబడతాది, దగ్గు తగ్గుతాది, కడుపులో మంట ఉన్నా అణుగుతాది. అయితే వారం దినాలు తాగి నిలిపెయ్యల్ల. తియ్యగా ఉండాదని తాగతానే ఉంటే కాళ్ళు పొంగుతాయి, తల పగిలిపోతాది, గుండె దడదడ కొట్టుకుంటాది. కడుపుతో ఉండే ఆడబిడ్డకు వద్దే వద్దు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

అవధానులవారు స్వామికి కాస్త నివేదించి, తాను గిన్నెడు తాగి, చెప్పినట్టే వారంతో ఆపేశారు. కంఠం మునుపటికంటె గంభీరంగా తిరిగివచ్చింది. అది విని ఆశ్చర్యపడిన పాలెగారు కారణం అడిగారు. నిండుసభలో, మెట్ల దగ్గరి మూలికల ముసలమ్మ ఇచ్చిన వేరు తాగానని చెప్పుకోవడానికి ఆయనకు నామోషీ అడ్డొచ్చింది. "స్వామివారి అతిమధుర తీర్థ మహిమ ప్రభూ" అని మాత్రం అన్నారు. వారం దినాల మాట, కాళ్ళ మాట గొంతులోనే ఉండిపోయాయి. ఆ మహానుభావుడు చేసిన తప్పు ఇదొక్కటే, కానీ ఇది చాలా పెద్దదని ఒప్పుకోక తప్పదు.

పాలెగారి కళ్ళు చెమర్చాయి. "అయ్యో, యుగాలుగా స్వామికి గొంతు మండతాంటే మనం ఇన్నాళ్ళూ ఉత్త చన్నీళ్ళు పోస్తిమే!" అని వాపోయి, తక్షణమే బండెడు వేరు తెప్పించి మండలదీక్ష పట్టారు. నలభైరోజులపాటు సహస్రనామార్చన. నామానికొక ఉద్ధరిణెడు కషాయం స్వామిమీద, నామానికొక ఉద్ధరిణెడు పాలెగారి అరచేతిలో. మధ్యలో ఆపమని చెప్పబోయి అవధానులవారు నోరు తెరిచిన ప్రతిసారీ తరువాతి నామమే బయటికి వచ్చింది.

ఇరవైరెండో రోజుకు పాలెగారి పాదాలు ఎంత ఉబ్బాయంటే, మాదిగ వీరన్న కొత్తగా కుట్టి తెచ్చిన చెప్పులు మర్నాటికే పట్టలేదు. వేలి ఉంగరం వెన్న రాసినా రాలేదు. తలనొప్పికి తలపాగా బరువైంది, కత్తి ఎత్తబోతే చేయి పత్తికాయలా వేలాడింది. మండపం మెట్టు ఎక్కుతూ ఆయన ఆరని సున్నపుగచ్చుమీద కాలు వేయగా గుమ్మడికాయంత గుర్తు పడింది. చుట్టూ ఉన్నవారెవరూ నవ్వలేదు, అంటే ఎంత కష్టపడ్డారో ఊహించుకోవలసిందే.

"నీ తీర్థం నన్ను మింగతా ఉండాది అవధానీ! రథం నాటికి నా కాళ్ళు నాకు రాకపోతే తాళంచెవి అక్కడ పెట్టి దిగిపో!" అని పాలెగారు గర్జించారు. తీర్థం మానివేయమంటే మాత్రం, సంకల్పం చెప్పి దీక్ష పట్టినాక నడుమ నిలిపితే శివాపరాధమని ససేమిరా అన్నారు. ఆయన తాగితే ప్రాణానికి ముప్పు, తాగకపోతే వ్రతానికి భంగం. ఎటు చూసినా అవధానులవారికి స్వామి దూరమయ్యేటట్టే ఉంది. ఆయన పానవట్టం పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చి, ఆ పైన నామోషీ పక్కన పెట్టి మెట్లు దిగి సుంకులమ్మను వెంటబెట్టుకు వచ్చారు.

సుంకులమ్మ వస్తూనే పాలెగారి ముంగాలిమీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీసింది. వేలు తీసినా గుంట పోలేదు. అందులో శెనగగింజ పెడితే నిలిచేటట్టుంది. సరిగ్గా అప్పుడే ఏడోనెల నిండిన పాలెగారి ఇల్లాలు లింగసానమ్మవారు తీర్థానికి చేయి చాపారు. సుంకులమ్మ తటాలున ఆ దోసిలిమీద తన చేయి మూసి, "నీకు బిల్వనీళ్ళు తల్లీ, ఇది కాదు" అంది.

అప్పుడు అవధానులవారు అందరిముందూ చేతులు కట్టుకున్నారు. "ఈ వేరు ఈ తల్లి ఇచ్చింది ప్రభూ. వారంతో నిలపమని చెప్పింది. సిగ్గుపడి నేను సగమే చెప్పినాను. దోషం వేరుది కాదు, నాది" అన్నారు. పాలెగారు ఉబ్బిన వేళ్ళకేసి చూసుకున్నారు. "నువ్వు చెప్పినా, ఆయమ్మ చెప్పినా నేను నిలపలేను. స్వామి చాలంటే నిలుపుతా. పూవడుగు" అన్నారు.

పూవడగడమంటే, లింగంమీద పువ్వు ఉంచి ప్రార్థించడం. కుడికి జారితే స్వామి ఔనన్నట్టు, ఎడమకు జారితే కాదన్నట్టు. అవధానులవారు తెల్లగన్నేరు పువ్వు ఉంచి, ఇక చాలునా తండ్రీ అని వేడుకున్నారు. పువ్వు కుడికీ జారలేదు, ఎడమకూ జారలేదు. ఘడియ గడిచింది. రెండో పువ్వు పెట్టారు, మూడోది పెట్టారు. ఏడు పువ్వులూ పెట్టినచోటనే కూర్చున్నాయి.

"స్వామి చాలనలేదు" అని పాలెగారు నీరసంగా అరచేయి చాపారు. "తీర్థం పొయ్యి." నడుముకున్న తాళంచెవిమీద అవధానులవారి చేయి తనంతట తానే పడింది.

గడప అవతల నిలబడ్డ సుంకులమ్మ మాత్రం లింగంమీద బారులు తీరిన చీమలను తేరిపార చూస్తోంది. ఎక్కుతున్న చీమలే గాని దిగుతున్న చీమ ఒక్కటీ లేదు. "పాపం, ఆయప్ప మాత్రం ఎట్ల చెప్తాడు సామీ?" అంది. "ఇరవైరెండు దినాల కషాయం పాకమై మీద పట్టి ఉండాది. నాయనగారికి కాళ్ళు కదలవు, ఆయప్పకు పువ్వు కదలదు. ముందు నాలుగు బిందెలు వేణ్ణీళ్ళు పొయ్యండి."

పోశారు. మొదటి బిందెకు ఏడు పువ్వులూ, రెండో బిందెకు చీమలూ, నాలుగోదానికి జిగురంతా కొట్టుకుపోయి స్వామి నిగనిగలాడుతూ దర్శనమిచ్చారు. అవధానులవారు ఎనిమిదో పువ్వు ఉంచారు. ఆయన వేళ్ళు ఇంకా వెనక్కి రాకముందే, ఆ మాట చెప్పడానికి స్వామి ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉన్నట్టు, పువ్వు కుడివైపుకు జారి పాలెగారు చాచిన అరచేతిలోనే పడింది. "చాలన్నాడు! స్వామి చాలన్నాడు!" అని బుక్కపనాయనివారు చంటిబిడ్డలా సంబరపడిపోయారు. ఆయనకూ ఆ తీపి ఎప్పుడో మొహం మొత్తిందని అప్పుడే అందరికీ తెలిసింది.

కషాయం ఆగింది. పదునెనిమిది రోజుల్లో వాపు తీసింది, చేతికి సత్తువ వచ్చింది. ఫాల్గుణ పౌర్ణమినాడు పాలెగారు పాత చెప్పులు తొడుక్కుని కొండెక్కి, వాటిని మండపం ముందు విడిచి, సున్నపుగచ్చులో తన వాపుకాలి గుర్తు పక్కనే, కొత్తగా పోసిన గచ్చుమీద మంచికాలు మోపి మురిసిపోయి, మోకు పట్టడానికి కిందికి దిగారు. శిఖరద్వారం నుంచి అవధానులవారి రుద్రం కొండంతా మారుమ్రోగింది. మోకు బిగిసింది, రథం కదిలింది. ఆ సాయంత్రం ఆయన ఎప్పటిలాగే తాళంచెవితో తలుపు తెరిచి దీపం వెలిగిస్తూ, ఎందుకో చాలాసేపు బయటికి రాలేదు.

సుంకులమ్మకు పాలెగారు ఊరు ఇస్తామన్నారు. "నాకు ఊరేల నాయనా? తీర్థానికి వచ్చేవాళ్ళ కాలు నొక్కి చూసే హక్కు ఇయ్యి, చాలు" అందామె.

నాటినుంచి ఆ కొండ అతిమధురగిరి అయింది. మండపం ముంగిట గుమ్మడికాయంత పాదమొకటి, మామూలు పాదమొకటి పక్కపక్కన నేటికీ దర్శనమిస్తాయి. స్వామి మహిమకు రాయి మైనమైందని పెద్దలంటారు, తడిసున్నమని గచ్చు పోసే కాసెపనివాళ్ళంటారు. ఏది నమ్మినా పుణ్యానికి కొదువలేదు. రథోత్సవంనాడు మాత్రమే అతిమధుర తీర్థం ఇస్తారు, అదీ ఒకే ఉద్ధరిణెడు. చూలాలికి బిల్వతీర్థం. బీపీ ఉన్నవారు తీర్థాన్ని శిరస్సున చల్లుకోవలసిందని దేవస్థానంవారు బోర్డు కూడా రాయించారు. మెట్ల దగ్గర సుంకులమ్మ వంశంవారు ఎంతటివారి ముంగాలినైనా బొటనవేలితో నొక్కి చూసి, గుంట నిలిస్తే డాక్టరు దగ్గరకు పొమ్మని వెనక్కి పంపుతారు. కలెక్టరుగారైనా పంచె కొంచెం పైకెత్తవలసిందే.

ఇక తీపికి ఆశపడి రెండోసారి చేయి చాచేవారు ఏటా పదిమందైనా ఉంటారు. అవధానులవారి దాయాదుల వంశంలోని అర్చకస్వామి వారిని కసురుకోరు. ఉద్ధరిణె పక్కన పెట్టి, స్వామి కుడిపక్కనుంచి తెల్లగన్నేరు పువ్వొకటి తీసి ఆ అరచేతిలో ఉంచుతారు.