నాలుగో ఇనుము

బాజీ మాస్టారిని ఏదైనా అడిగితే సమాధానం చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. నరసరావుపేటలో సెల్‌ఫోన్ ఆటలు తయారుచేయడం నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఆయన ఒకప్పుడు తానే ఆటలు తయారుచేసి, కళ్ళు మొరాయించడం మొదలెట్టాక ఆ విద్యని పదిమందికీ చెబుతున్న మనిషి. తెలివైనవాళ్ళు నోరు మూసుకుని తామూ చెప్పులు వేసుకుని ఆయన వెంట నడుస్తారు. ప్రసూన తెలివైనదే గానీ, ఆ మంగళవారం పొద్దున నోరు మూసుకునే స్థితిలో లేదు.

"ముందు ముందు ఇనుము దొరుకుతుందని తెలిశాక రాయితో పని ఎవరు చేస్తారు మాస్టారూ?" అని వస్తూనే అడిగింది.

అడగడం వెనక ఏడాది కష్టం ఉంది. ఆమె తయారుచేస్తున్న ఆటలో మనిషి ఉత్త చేతులతో అడవిలో దిగుతాడు. మొదట కర్రతో గొడ్డలి చేసుకోవాలి, తర్వాత రాతితో, ఆ పైన రాగితో, చిట్టచివర ఇనుముతో. కర్ర గొడ్డలి నలభై దెబ్బలకి విరుగుతుంది. రాతిది తొంభైకి, రాగిది రెండు వందలకి. ఒకటి విరగ్గానే దాన్ని పారేసి ఇంకోటి చేసుకోవడమే. ఈ అంకెలు కుదరక ప్రసూన తల బద్దలు కొట్టుకుంటోంది. తొంభైని ఎనభై చేసింది, నూట పది చేసింది, మళ్ళీ తొంభై చేసింది. ఏం చేసినా, ఆడి చూడమని ఇచ్చిన ముప్పై మందిలో ఇరవై ఇద్దరు రాతి గొడ్డలి దగ్గరే ఆగిపోయారు. 'ఎలాగూ పారేసేదే కదా, దీని కోసం అంత శ్రమెందుకు?' అని ఒకాయన రాసి మరీ పంపాడు. ఆగినవాళ్ళు మళ్ళీ ఆట మొహం చూడలేదు. శుక్రవారంలోగా దీనికి మందు కనిపెట్టకపోతే, రాయినీ రాగినీ తీసేసి కర్రది విరగ్గానే ఇనప గొడ్డలి చేతికిచ్చేద్దామని ఆమె పనిచేసే కంపెనీలో తేల్చేశారు. తీసేస్తామన్న ఆ రెండు మెట్లే ప్రసూన కట్టినవి.

"ఏ అంకె పెట్టాలో చెప్పండి మాస్టారూ, అంతే చాలు. ఇంకేమీ అడగను" అంది.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

రైలు గేటు దాటాక వీరాచారి కొలిమి ఉంది. మాస్టారు అక్కడి బల్ల మీద కూర్చుని ఆమెకి పక్కన చోటు చూపించారు. ఎందుకొచ్చారో చెప్పలేదు. నిజానికి ఆయనకీ తెలియదేమో. కొలిమి దగ్గర కూర్చుంటే ఏదో ఒకటి జరక్కపోదన్న నమ్మకం మాత్రం ఆయనకి ఉండి ఉంటుంది.

కాసేపటికి ఒకావిడ విరిగిన కొడవలిని సంచిలో పెట్టుకుని వచ్చింది. వీరాచారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంక దీనికి అతుకు నిలవదు సారమ్మా" అని, తయారుగా ఉన్న కొత్త కొడవలి ఒకటి తీసిచ్చాడు. మంచి ఉక్కు, నున్నటి పిడి. సారమ్మ దాన్ని పట్టుకుని, లేని పైరుని గాలిలో రెండుసార్లు కోసి చూసి, తిరిగి ఇచ్చేసింది.

"ఇనుము బాగుంది. ఆ పిడి పీకేసి నా పిడి వెయ్యి."

"నీ పిడి తొర్ర వదులైపోయింది గదమ్మా. కొత్తది పిడితో సహా వచ్చుద్ది. ఈ దండగమారి పని నాకెందుకు పెడతావు?"

"రేపు పడిపోయిన చేలో కోతయ్యా, మిషను దిగదు. ఈ పిడితో మునుం పట్టానంటే మజ్జానానికల్లా అరచెయ్యి బొబ్బలెక్కుద్ది, వరసలో అందరికంటే ఎనక పడతా. ఎల్లుండి మేస్త్రి నన్ను పిలుస్తాడా? నువ్వు వేసేదాకా నేను కదల్ను."

అన్నట్టుగానే అక్కడే నేల మీద చతికిలబడింది. ప్రసూనకి ఆవిడని చూస్తే జాలేసింది. ఫోనులో కంపెనీ నుంచి వచ్చిన మూడో మెసేజీ చూసుకుంటే తన మీద తనకే ఇంకా ఎక్కువ జాలేసింది.

వీరాచారి గొణుక్కుంటూనే పనిలో పడ్డాడు. విరిగిన ముక్క నుంచి పాత పిడి ఊడదీశాడు. తుమ్మకర్ర పిడి. ఏళ్ళ తరబడి చెమట పట్టి నల్లగా నిగనిగలాడుతోంది, బొటనవేలు ఆనేచోట చిన్న గుంట పడింది. తొర్రలో చెక్కపేడు కొట్టి, మూతికి పొన్ను అనే ఇనప కట్టు కొత్తది బిగించి, కొడవలి తోకని ఎర్రగా కాల్చి పిడిలోకి దించాడు. కాలిన కర్ర వాసన గుప్పుమంది.

"ఇప్పటికి ఇది నీకు నాలుగో కొడవలి" అన్నాడు నీళ్ళలో ముంచి అందిస్తూ.

"నాలుగోది ఇనుమయ్యా. కొడవలి అదే."

ఆమె పట్టుకోగానే బొటనవేలు తనంతట తానే వెళ్ళి గుంటలో కూర్చుంది. సారమ్మ మొహం అప్పుడు విచ్చుకుంది. కొడవలిని సంచిలో పెట్టుకుని, వీరాచారి గొణుగుడు వినిపించనట్టే వెళ్ళిపోయింది.

తిరుగు దారిలో మాస్టారు అడక్కుండానే "నాకు అర్థమైంది మాస్టారూ" అంది ప్రసూన. ఆయన "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ"కి అర్థం ఏమిటో ఆయన శిష్యుల్లో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆమె ఫోను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మాస్టారు దాన్ని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని, ఓపిగ్గా కర్ర నుంచి ఇనుము దాకా ఆడారు. ప్రసూన చేసిన మార్పు ఏమిటంటే, పాత గొడ్డలి విరిగితే ఇప్పుడు పారేయక్కర్లేదు. అడవిలో కట్టుకున్న గుడిసెలో ఒక గోడ ఉంటుంది, దానికి తగిలించుకోవచ్చు. మొదటి గొడ్డలి, రెండోది, మూడోది, ఒక్కోదాని కింద అది నరికిన చెట్ల లెక్క. పాతవాటి మీద మనిషికి మమకారం ఉంటుందని కొలిమి దగ్గర తాను నేర్చుకున్నదంతా ఆమె ఆ గోడకెక్కించింది. రాత్రీ పగలూ కష్టపడిందేమో, గోడ నిజంగానే ముచ్చటగా ఉంది.

"బాగుంది" అన్నారు మాస్టారు. ఫోను తిరిగిచ్చి, కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇంతకీ సారమ్మ ఆ పిడిని ఏ గోడకి తగిలించిందమ్మా?" అని అడిగారు.

ప్రసూన మొహం చిన్నబోయింది. మెట్లు దిగి గేటు దాకా వెళ్ళి, అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. మాస్టారికి కిటికీలోంచి అంతా కనబడుతూనే ఉంది. వెనక్కి పిలిచి రెండు మాటలు చెప్పాలని ఆయనకీ అనిపించింది, పిల్ల అంత దిగాలుగా ఉంది మరి. కానీ పిలవలేదు.

గురువారం సాయంత్రం ఆమె మళ్ళీ వచ్చింది. కళ్ళు లోపలికి పోయాయి గానీ నడకలో తేడా ఉంది. ఏం మార్చిందో చెప్పలేదు, ఫోను మాత్రం ఇచ్చింది.

మాస్టారు ఆడారు. గోడ లేదు. కర్ర గొడ్డలి నలభై దెబ్బలకి విరిగింది. రాతి గొడ్డలి చేసుకుందామని చూస్తే ఆట ఆయన్ని ఒక్క రాయి మాత్రమే అడిగింది. పాత పిడే కొత్త రాతికి ఎక్కింది. కర్రతో కొట్టిన నలభై దెబ్బలూ పిడిలోనే ఉండిపోయాయి, లెక్క నలభై ఒకటి నుంచి మొదలైంది. కొడుతున్నకొద్దీ పిడి చెయ్యి ఆనేచోట పిసరంత నల్లబడుతోంది. నల్లబడినకొద్దీ దెబ్బ కాస్త తేలిగ్గా, కాస్త సూటిగా పడుతోంది. మాస్టారు ఒక చెట్టు కొట్టారు. ఇంకో చెట్టు కొట్టారు. వాగు దాటి అవతలి ఒడ్డు చెట్ల మీద పడ్డారు. తెర మీద ఒక మూల రాగి ముద్ద మెరుస్తూనే ఉంది, ఆయన అటు పోవడం లేదు.

ప్రసూన తెరలోకి తొంగి చూసింది. తెల్లారితే శుక్రవారం. ఇరవై ఇద్దరూ ఆగిపోయిన చోటే ఈయనా ఆగారు.

"రాయి దగ్గరే ఉండిపోయారేం మాస్టారూ? రాగి అక్కడే ఉంది కదా, తీసుకోరా?"

మాస్టారు తెర మీంచి కళ్ళు ఎత్తలేదు.

"తొందరేముంది తల్లీ? పిడి ఇప్పుడిప్పుడే చేతికొస్తోంది."