జీపుకు పూసిన ఊదీ

ఓబులేసుకు జీపు కింద మళ్ళీ నూనె కనిపించింది.

నిన్న అరచేయంత ఉన్న మరక ఇవాళ చాటంత అయింది. వేలు అద్ది వాసన చూశాడు. ఇంజన్ ఆయిలే, అనుమానం లేదు.

ఇంకో డ్రైవరైతే నోటికొచ్చిన బూతు ఒకటి అని, పైనుంచి అర లీటరు పోసి బండి తీసేవాడు. ఓబులేసుకు అది చేతకాదు. నాలుగేళ్ళ కిందట గొడుగురాళ్ళ కనుమ ఎక్కబోతూ తన లారీ కింద ఇట్లాంటి మరకే చూశాడు. పక్క సీట్లోంచి అన్న సుంకన్న తల బయటపెట్టి "ఏందిరా అది?" అని అడిగాడు. "ఏం కాదులేన్నా, సాయంత్రం చూద్దాం" అన్నాడు తను.

ఏడో మలుపు ఎక్కుడులో నూనె అయిపోయి ఇంజన్ పట్టేసింది. బ్రేకు ఎంత తొక్కినా లోడు లారీ వెనక్కి జారింది. చక్రం వెనక రాయి పెట్టడానికి సుంకన్న తలుపు తీసి దూకాడు. పెట్టాడు కూడా. లారీ ఆ రాయినీ తొక్కేసింది, సుంకన్ననూ తొక్కేసింది. చివరికి కొండకు ఆనుకుని నిలబడింది. లోపలున్న ఓబులేసుకు చిన్న గీత కూడా పడలేదు.

బ్రేకులు పోయాయని అందరికీ చెప్పాడు. "సాయంత్రం చూద్దాం" అన్న మాట మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత లారీల మొహం చూడలేక కొండ కింద హుసేనప్ప తాత ఆశ్రమంలో చేరాడు. తాత సూఫీ గురువు. ఆయన దగ్గరికి దర్గాకు పోయేవాళ్ళూ వస్తారు, గుడికి పోయేవాళ్ళూ వస్తారు, అందరూ స్వామీ అనే పిలుస్తారు. ఉపన్యాసాలు చెప్పే అలవాటు ఆయనకు లేదు. వేపచెట్టు నీడలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తుంటాడు, ఎదుటివాడు చెప్పింది వింటాడు. వయసులో ఉన్నప్పుడు ఏదో నూనె మిల్లులో ఆయిలింజను దగ్గర పనిచేశాడని చెప్పుకుంటారు.

ఓబులేసు వచ్చిన వారానికే తాత ఆశ్రమం జీపు తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. ఎవరి నుంచి పారిపోయి వచ్చాడో వాళ్ళింటికే కాపలా పెట్టినట్టయింది. కొండమీది గూడేల్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఆ జీపే దిక్కు. నాలుగేళ్ళుగా ఓబులేసు ఆ కనుమే ఎక్కుతున్నాడు, ఏడో మలుపు దగ్గర పక్కకు చూడకుండా దాటుతున్నాడు. ముందు పక్క సీట్లో ఎవరినీ కూర్చోనివ్వడు. అక్కడ కొబ్బరిబోండమంత రాయి ఒకటి ఉంటుంది. ఎవరైనా అడిగితే, బండి జారితే చక్రానికి అడ్డం పెట్టడానికి అంటాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు అతనికి జాగ్రత్త తప్ప వేరే ధ్యాస లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బోల్టులన్నీ బిగిస్తాడు. బోల్టులకే విసుగు పుట్టాలి.

అట్లాంటి బండి మూడు రోజులుగా కారుతోంది. మొదటిరోజు ఇంజన్ పైమూత దగ్గర కారితే ప్యాకింగ్ మార్చాడు. మరునాడు కింద ఆయిల్ చాంబర్ దగ్గర మొదలైంది. అక్కడ బంక పూసి బిగిస్తే, ముందు పక్క పుల్లీ వెనక నుంచి దిగింది. ఒకచోట మూస్తే ఇంకోచోట తెరుచుకుంటోంది.

సరిగ్గా ఆ పొద్దునే ఈతమాను గూడెం నుంచి కబురొచ్చింది. గురవమ్మకు నెలలు నిండాయి, బిడ్డ అడ్డం తిరిగింది. చీకటి పడేలోపల టౌను ఆసుపత్రికి చేర్చకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరని గూడెం నర్సు చెప్పిందట. ఆ రాళ్ళదారికి టౌను వ్యాన్లు రావు.

ఓబులేసు తాత ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"ఇంకెవరినన్నా పంపండి స్వామీ. బండి బాగాలేదు."

తాత శనక్కాయ ఒలవడం ఆపలేదు. "ఇంకొకడు తోలితే బాగుపడతాదా?"

ఓబులేసు వేలికంటిన నూనెను చొక్కాకు తుడుచుకున్నాడు.

"యాడ కారుతాంది?"

"అంతటా కారుతాంది స్వామీ."

"అంతటా అంటే, యాడనో నీకు తెలీదని." తాత ఒళ్ళోని పొట్టు దులుపుకుని లేచాడు.

ముందు ఇంజన్ కడగమన్నాడు. ఓబులేసు డీజిలూ బ్రష్షూ తెచ్చి, మూలమూలా తోమి, పాతగుడ్డతో తుడిచాడు. గంట పట్టింది. ఆ గంటసేపూ అతని చెయ్యి పనిలో ఉంది గానీ, మనసు ఏడో మలుపులోనే ఉంది. ఒకసారి బ్రష్షు చేతిలోంచి జారిపోతే ఉలిక్కిపడి వెనక్కి దూకాడు.

ఇంజన్ తడి ఆరాక తాత లోపలికి వెళ్ళి ఊదీ డబ్బా తెచ్చాడు. ఊదు వెలిగించగా మిగిలిన మెత్తటి బూడిద అది. జ్వరమొచ్చిన పిల్లల నుదుట పెడతాడు. అది చూడగానే ఓబులేసు తలకున్న తువ్వాలు తీసేసి, చేతులు జోడించి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. బండికి స్వామి దీవెన దొరికింది, ఇక ఫరవాలేదనుకున్నాడు.

కాసేపు ఏ మంత్రమూ వినిపించలేదు. తాత దగ్గు వినిపించింది.

"కండ్లు మూసుకుంటే ఏం కనపడతాది? తెరువు. తడిసిన చోట నల్లబడతాది, చూడు."

ఇంజన్ అంతా పిండిలో పొర్లినట్టు తెల్లగా ఉంది. ఓబులేసు సిగ్గుపడుతూ స్టార్ట్ చేశాడు. ఇద్దరూ వంగి చూస్తూ నిలబడ్డారు.

ముందు ఏమీ లేదు. తర్వాత పైమూత అంచున సన్నటి నల్లగీత. అది చూస్తుండగానే కింద చాంబర్ దగ్గర ఒకటి, పుల్లీ వెనక ఒకటి. ఒంటికి చెమట పట్టినట్టు ఒకేసారి మూడుచోట్ల ఊదీ తడిసింది. ఆయిల్ మట్టం చూసే పుల్ల ఎవరో లోపలి నుంచి తోసినట్టు వేలెడు పైకి లేచింది. తాత పుల్లను వేలితో కిందికి నొక్కాడు. అది మళ్ళీ లేచింది.

"అంతటా అంటి గదా స్వామీ," అన్నాడు ఓబులేసు. "ఇది కనుమ ఎక్కదు."

తాత ఆ మాట పట్టించుకోలేదు. "దీనికి ఊపిరి యాడ?" అని అడిగాడు.

పదిహేనేళ్ళు లారీ తోలినవాడికి ఇంజన్‌కు ఊపిరి ఎక్కడో చెప్పక్కర్లేదు. ఓబులేసు చెయ్యి తనంతట తానే బ్రీదర్ గొట్టం మీదికి పోయి ఆగిపోయింది. ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం అది. దాని మూతికి గుడ్డ చుట్టి, బైండింగ్ వైరుతో కట్టి ఉంది. ఒక చుట్టు కాదు, చాలా చుట్లు. నూనె తాగి, దుమ్ము పట్టి, గుడ్డ తారుముద్దలా గట్టిపడింది. ఆవిరి పోయే దారి లేక, సందు దొరికిన చోటల్లా నూనెను బయటికి తోస్తోంది.

"ఎవురు కట్టినారు?"

"నేనే స్వామీ. ఎండాకాలం కనుమలో రోడ్డు పనులు పెట్టినారు గదా. దుమ్ము లోపలికి పోతాదేమోనని భయపడితి."

"ఒక చుట్టు చాలలేదా?"

"చాలదేమోనని వారానికొకటి కట్టినా."

తాత కటింగ్ ప్లయర్ తీసి అతని చేతిలో పెట్టాడు.

ఓబులేసు వైరు తెంపి చుట్లు విప్పాడు. ఆఖరి చుట్టు ఊడగానే గొట్టం లోంచి హుష్షుమని వేడి పొగ మొహానికి కొట్టింది. లేచిన పుల్ల నొక్కితే ఈసారి కిందనే ఉండిపోయింది. ఇంజన్ తుడిచి, తక్కువైన ఆయిల్ పోసి, మళ్ళీ ఊదీ చల్లారు. అరగంట నడిపారు. తెల్లగా ఉన్నది తెల్లగానే ఉంది.

ఎవరైనా సంతోషించాల్సిన సంగతే. ఓబులేసు మాత్రం బిగించిన బోల్టులనే మళ్ళీ బిగించసాగాడు. ఇప్పటిదాకా వెళ్ళకుండా ఉండటానికి నూనె సాకు ఉంది. అదీ పోయింది, ఇక కనుమ ఎక్కాల్సిందే.

బానెట్ మూసి తిరిగేసరికి తాత జీపు ఎడమ తలుపు తీసి, సీటు మీది రాయిని రెండు చేతులా ఎత్తుకుంటున్నాడు. ఓబులేసు పరుగెత్తాడు.

"స్వామీ, మీరు వెనక కూర్చోండి. ముందు ఎవురూ కూర్చోరు."

"నేను కూర్చుంటా," అన్నాడు తాత. ఎక్కి, రాయిని ఒళ్ళో పెట్టుకుని, తలుపు వేసుకున్నాడు.

మధ్యాహ్నం ఎండలో జీపు కనుమ ఎక్కసాగింది. ఒకటి, రెండు, మూడు మలుపులు. తాత దారి చూస్తున్నాడు. నాలుగో మలుపు దాటాక ఓబులేసుకు స్టీరింగ్ మీద అరచేతులు జారాయి. పక్కన ఒక మనిషి కూర్చున్నాడు, ఒళ్ళో రాయి ఉంది. దిగడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉంది ఆ కూర్చోవడం. అటు చూడకూడదనుకున్నాడు. చూడకపోయినా కనిపిస్తూనే ఉంది. ఆరో మలుపు తిరిగింది. ఎదురుగా ఆ ఎక్కుడు.

"ఓబులేసూ," అన్నాడు తాత, "ఊపిరి బిగబట్టినావు."

ఓబులేసు గేరు తగ్గించాడు. జీపు మూలుగుతూ పైకి పాకుతోంది. నోరు తెరిచాడు. ముందు గాలి మాత్రమే వచ్చింది, తర్వాత మాట వచ్చింది.

"ఆ పొద్దు మా అన్న అడిగినాడు స్వామీ, ఏందిరా అది అని."

"ఊఁ," అన్నాడు తాత.

ఏడో మలుపు ఎప్పుడు దాటారో ఓబులేసుకు తెలియలేదు. చెబుతూనే ఉన్నాడు, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అట్లాగే తోలుతున్నాడు. తాత ఊఁ కొడుతూనే ఉన్నాడు. మాట అయిపోయేసరికి ఈతమాను గూడెం కుక్కలు మొరిగాయి.

దారి పక్కన నులకమంచం మీద గురవమ్మ పళ్ళు బిగించి కూర్చుని ఉంది. మొగుడు ఆమె భుజం పట్టుకున్నాడు. తాత రాయితోపాటు కిందికి దిగాడు.

"ముందు కూర్చో తల్లీ," అన్నాడు ఆమెతో. "వెనక కుదుపు ఎక్కువ."

ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఓబులేసు ఆ సీటు వంక చూశాడు, తాత చేతుల్లోని రాయి వంక చూశాడు. ఇక్కడినుంచి దారంతా దిగుడే. భయం పూర్తిగా పోయిందని చెప్పలేం, అతని కళ్ళలో అది కనిపిస్తూనే ఉంది.

తాత గురవమ్మ మొగుడి పక్కన వెనక ఎక్కి, రాయిని పాదాల దగ్గర పెట్టుకున్నాడు.

"రాయి నా దగ్గరుంటాదిలే," అన్నాడు. "నువ్వు తోలు."