దండ మారిన గుర్రం

నవ్వు ఆపండి. నిన్న మీలో ఇద్దరు గోలీల మీద పందెం కాశారని నాకు తెలుసు. గెలిచినవాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పారు. ఓడినవాడు ఇంటికెలా వెళ్ళాడని ఒక్కరైనా అడిగారా? అడగలేదు. సిగ్గుపడండి. సిగ్గుపడి, ఇది వినండి.

నల్లవాగు అడవిలో ముంగిసలు, ఉడుములు, దుమ్ములగొండ్లు, గుర్రాలు, ఒక ముసలి గాడిద ఉండేవి. వాగు పక్కన నేలంతా పల్లం. ఎర్రదిబ్బ ఒక్కటే మెరక. ఆ దిబ్బ మీది బొరియల్లోకి ఎంత వాన కురిసినా నీళ్ళు వచ్చేవి కావు.

అక్కడ తిప్పన్న అనే ముంగిసకు తాతల నాటి బొరియ ఉంది. అతని భార్య పేరు మల్లి. వాళ్ళకు ముగ్గురు పిల్లలు. పుట్టి వారం కూడా కాలేదు. ఇంకా కళ్ళు తెరవలేదు.

ఏటా వానలకు ముందు ఆ అడవిలో గుర్రాల పందెం జరిగేది. ప్రతి గుర్రానికీ పరుగు నేర్పే గురువు ఒకరు ఉండేవారు. గాడిద భద్రయ్య నేర్పిన గుర్రాలు మెడలో మోదుగాకుల దండ వేసుకునేవి. ఒక దుమ్ములగొండి నేర్పినవి తంగేడు పూల దండ వేసుకునేవి. గుర్రం గురువును మారిస్తే దండ మారేది. ఎంత దూరం నుంచి చూసినా అది అందరికీ తెలిసిపోయేది.

తిప్పన్నకు ఒక నమ్మకం ఉంది. కొత్తగా దండ మారిన గుర్రమే గెలుస్తుందని. రెండేళ్ళు వరసగా అలాగే జరిగింది. రెండుసార్లూ అతను పందెం కాసి తట్టెడు గుడ్లు గెలిచాడు. అప్పటినుంచి అతని నడకే మారిపోయింది.

ఆ ఏడు తెల్లబొట్టు అనే గుర్రం భద్రయ్యను వదిలి దుమ్ములగొండి దగ్గరికి వెళ్ళింది. మెడలో పచ్చటి తంగేడు దండ మెరిసింది. అది చూడగానే తిప్పన్న ఇంటికి పరుగెత్తాడు. గుమ్మం దగ్గర మట్టి గోకి పిడికిట పట్టుకున్నాడు.

మల్లి అతనికి అడ్డం వచ్చింది. ఆ అడవిలో గుమ్మం మట్టి తీసుకెళ్ళి పందెపు బండ మీద పెడితే, ఇల్లు పందెం ఒడ్డినట్టే.

"ఏమయ్యా, నీకు మతి పోయిందా? మబ్బులు చూశావా? ఇవాళో రేపో వాన. కళ్ళు తెరవని పిల్లలయ్యా!" అంది.

"పిచ్చిదానా, ఈసారి తట్టెడు గుడ్లు కాదు. ఒక ఉడుము తన రెండు బొరియలూ ఒడ్డింది. సాయంత్రానికి మనకు మూడిళ్ళు!"

"ఆ గుర్రం గురువును ఎందుకు మార్చింది?"

"ఎందుకైతే నీకెందుకు? మార్చింది కదా!"

"పోయి భద్రయ్య తాతను ఒక్క మాట అడుగు."

"ఒక గాడిదను అడిగి నేను పందెం కాయాలా?" అని తిప్పన్న పగలబడి నవ్వాడు. నవ్వుతూనే వెళ్ళిపోయాడు.

మల్లి పిల్లల మీద ఎండుగడ్డి కప్పింది. భద్రయ్య ఉండే గుహకు పరుగు తీసింది. గుహ కూడా దిబ్బ మీదే ఉంది, కానీ మధ్యలో ఒక పల్లం దాటి, అవతలి చివర.

"తాతా, తెల్లబొట్టు నిన్నెందుకు వదిలింది?" అని రొప్పుతూ అడిగింది.

భద్రయ్య దాచలేదు. "దాని ఎడమ ముందు గిట్ట పగిలిందమ్మా. ఈ ఏడు పరుగు వద్దు, మెత్తటి నేల మీద మేస్తూ ఉండు అన్నాను. దానికి కోపం వచ్చింది. ఈ ఏడే గెలిపిస్తానని దుమ్ములగొండి ఆశ పెట్టింది. పగులు కనపడకుండా బంకమన్ను, తుమ్మజిగురు మెత్తింది."

"మరి రెండేళ్ళూ దండ మారినవే గెలిచాయి కదా?"

"ఆ రెండూ పాత గురువు దగ్గర పస్తులున్నాయి. కొత్త చోట కడుపు నిండింది, పరుగెత్తాయి. దండ పరుగెత్తలేదమ్మా."

అప్పుడే వడ్రంగిపిట్ట చెట్టు మాను మీద టకటకా కొట్టింది. అది మొదటి పిలుపు. మూడో పిలుపు తర్వాత ఎవరూ బండ మీది మట్టిని వెనక్కి తీసుకోకూడదు. అది అక్కడి కట్టుబాటు.

మల్లి మళ్ళీ పరుగు తీసింది. ముళ్ళు గీసుకున్నాయి. అరికాలు చీలింది. దారిలోనే రెండో పిలుపు వినిపించింది.

ఆమె చేరేసరికి మట్టి బండ మీద ఉంది. పక్కనే ఉడుము కళ్ళు మూసుకుని కూర్చుంది.

"తియ్యి! ఆ మట్టి తియ్యి! గుర్రం గిట్ట పగిలింది. భద్రయ్య తాత చెప్పాడు!" అని అరిచింది మల్లి.

తిప్పన్న ఒక్క క్షణం ఆగాడు. చెయ్యి బండ వైపు కదిలింది కూడా. అంతలో ఉడుము కళ్ళు తెరిచి నెమ్మదిగా అంది.

"తీసుకో బావా, తప్పులేదు. ఇంట్లో అడిగి రేపు చెప్పు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుకు తిప్పన్న చెవులు ఎర్రబడ్డాయి.

"అది గాడిద కుళ్ళు! చెయ్యిజారిన గుర్రం గెలిస్తే తన పరువు పోతుందని ఆ ఏడుపు," అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నా మాట విను. నీ కాళ్ళు పట్టుకుంటా," అంది మల్లి.

టకటకటక! మూడో పిలుపు అయిపోయింది.

గుర్రాలు దూకాయి. తెల్లబొట్టు అన్నిటికంటే ముందుంది. పచ్చిక మీద అది తేలిపోయినట్టు పరుగెత్తింది. "చూశావా! చూశావా!" అని తిప్పన్న ఎగిరాడు. మల్లి గుర్రం మెడ చూడలేదు. గిట్టనే చూస్తూ నిలబడింది.

పచ్చిక అయిపోయింది. గులకరాళ్ళ నేల మొదలైంది. ఎండిన బంకమన్ను పెళ్ళలుగా రాలింది. తెల్లబొట్టు ఒకసారి తూలింది. మళ్ళీ తమాయించుకుంది. రెండోసారి మోకాళ్ళ మీద పడింది. తక్కిన గుర్రాలన్నీ దాన్ని దాటిపోయాయి. అది మూడు కాళ్ళ మీద కుంటుతూ అందరికంటే చివర వచ్చింది. మెడలో తంగేడు దండ మాత్రం వాడలేదు.

దుమ్ములగొండి అప్పటికే పొదల్లోకి జారుకుంది.

ఉడుము బండ మీది మట్టిని నాలుకతో ఒకసారి తాకింది. "సాయంత్రంలోగా ఖాళీ చెయ్యి బావా. నాకు వానంటే పడదు," అంది.

మొదటి చినుకు తిప్పన్న ముక్కు మీద పడింది.

మల్లి ఒక్కొక్క పిల్లనూ నోట కరుచుకుని, ఆ చీలిన కాలితోనే మూడుసార్లు తిరిగింది. పల్లంలో అప్పుడే నీళ్ళు నిలుస్తున్నాయి. మూడో పిల్లను తెచ్చేసరికి ఆమె ముక్కులోకి కూడా నీళ్ళు వెళ్ళాయి. భద్రయ్య గుహలో సగం జాగా వదిలి పక్కకు జరిగాడు.

"గడ్డి పొడిగా ఉంది, పడుకోబెట్టమ్మా," అన్నాడు. తర్వాత బయటికి చూశాడు. "నువ్వూ రా తిప్పన్నా."

తిప్పన్న గుమ్మంలో తడుస్తూ నిలబడ్డాడు. పొద్దున తను అన్న మాట గుర్తొచ్చింది. అప్పుడైనా తలవంచి లోపలికి వెళ్ళవలసింది. వెళ్ళలేదు.

"గాడిద పంచన నేనుండను. ఇంకో పందెంలో నా ఇల్లు నేను గెలుచుకునే వస్తా," అని వానలోకి నడిచాడు.

వాన నలభై రోజులు కురిసింది. పందేలు లేవు. తిప్పన్న పుచ్చిన మానుల కింద నక్కాడు. నీళ్ళు వచ్చినప్పుడల్లా ఇంకో మానుకు మారాడు. దొరికిన రోజు తిన్నాడు, దొరకని రోజు పస్తున్నాడు.

ఎండ కాసిన నాడు అతను గుహ దగ్గరికి వచ్చాడు. ఒళ్ళంతా ఎముకలు, ఊడిన బొచ్చు.

గుహ ముందు ముగ్గురు పిల్లలు ఆడుకుంటున్నారు. వాళ్ళ కళ్ళు ఎప్పుడో తెరుచుకున్నాయి. నల్లగా మెరుస్తున్నాయి.

తిప్పన్న ఒక అడుగు ముందుకు వేశాడు. పిల్లలు బెదిరిపోయారు. వీపు మీది బొచ్చు నిక్కబొడుచుకుని, బుసకొడుతూ భద్రయ్య కాళ్ళ వెనక దాక్కున్నారు.

"అమ్మా! ఎవరో వచ్చాడు! పొమ్మని చెప్పమ్మా!"

మల్లి అతన్ని చూసింది. పిల్లల్ని గుహ లోపలికి తోలింది.

నీతి: గురువు మారితే గుర్రం గిట్ట అతుక్కోదు. కారణం అడగకుండా పిల్లల నీడను పందెం కాసినవాడు, ఆ పిల్లల కళ్ళకే పరాయివాడవుతాడు.