నాడి చూసే పద్ధతి

పూర్వం ఒక రాజ్యంలో వైద్యం నేర్చుకోవాలంటే రాజవైద్యుడు త్రిపురాంతకాచార్యుల పరీక్ష నెగ్గాలి. ఆ ఏడాదీ కుర్రాళ్ళు పొద్దున్నే వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఎండ నడినెత్తికొచ్చినా ఆయన జాడ లేదు. ఒకడు గోళ్ళు కొరుకుతున్నాడు, ఇంకొకడు కాలు మార్చి కాలు మీద నిలబడుతున్నాడు.

చివరికి ఆచార్యులు తాంబూలం నములుతూ వచ్చి ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని విదిలించాడు. "నాడి పరుగెడుతోంది! పిరికివాడివి, పో!"

పోలేక అందరూ అక్కడే తచ్చాడుతున్నారు. వైద్యుడే లేని ఊరి నుంచి వచ్చిన మేకలకాపరి ఓబులేసుకీ అదే మాట ఎదురైంది.

అతను చేతులు కట్టుకుని, "వెళ్తానయ్యా. ఒక్క సందేహం తీర్చండి. ఎండన పడి వచ్చిన రోగికి నాడి ఎలా చూడాలి?" అన్నాడు.

"ఆమాత్రం తెలీదూ? ముందు నీడన కూర్చోబెట్టాలి, మంచినీళ్ళివ్వాలి. గుండె కుదుటపడ్డాకే చెయ్యి పట్టుకోవాలి!"

ఓబులేసు వెనక్కి తిరిగి కేకేశాడు. "అయ్యగారు మనల్ని నీడన కూర్చోమంటున్నారు! మంచినీళ్ళిచ్చి నాడి మళ్ళీ చూస్తారట!"

అందరూ బిలబిలా అరుగెక్కేశారు. తన మాటను తానే ఎలా కాదంటాడు? ఆచార్యులు నీళ్ళు తెప్పించాడు.

ఈసారి అందరి నాడీ నిమ్మళంగా ఉంది. పరుగెడుతున్నది ఆయనదొక్కటే.