దుబాసీ చెప్పిన అర్థం

దొరల కాలంలో కోరుపల్లి అనే చిన్న సంస్థానం ఉండేది. దాన్ని జగ్గరాయలు ఏలేవాడు. ఆయన కొలువులో ఇంగ్లీషు తెలిసినవాడు ఒక్కడే, దుబాసీ సూరపరాజు. మ్లేచ్ఛభాష నేర్చాడని పండితులు అతణ్ణి పంక్తిలో కూర్చోనిచ్చేవారు కారు. భార్య పోయి ఆరేళ్లయింది. ఉత్తరం వచ్చిన రోజున తప్ప అతనితో మాట్లాడేవాళ్లే లేరు.

ఒకనాడు దొర దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. దిగువ పల్లెలకు తాగునీటి కాలువ తవ్విస్తున్నారట, రాజావారు ఆ పనిని "ఫెసిలిటేట్" చేయాలట.

"అంటే ఏమిటయ్యా?" అన్నాడు రాజు.

"పని సాఫీగా సాగేలా వీలు కల్పించడం, ప్రభూ."

"ఓస్, అంతేగా!"

మర్నాటి నుంచి రాజు మేళతాళాలతో కాలువగట్టుకు వెళ్లసాగాడు. ఆయన వస్తే పలుగులు ఆగేవి. హారతులు, స్తోత్రపాఠాలు అయ్యేసరికి ఎండ నడినెత్తికెక్కేది. ఆయన చూడందే తట్టెడు మన్ను కదలడానికి వీల్లేదు. పదిరోజుల్లో పదిగజాలు తవ్వారు. దిగువ పల్లెల్లో ఆడవాళ్లు ఏటి ఇసుకలో చెలమలు తోడుకుంటున్నారు.

సూరపరాజు ఉండబట్టలేక, "ప్రభూ, ఆ మాటకు అర్థం ఇది కాదు" అన్నాడు.

రాజుకు కోపం వచ్చింది. "పొద్దస్తమానం అక్కడే నిలబడి సాయం చేస్తున్నానే! రేపు సాయంత్రంలోగా అర్థం నాకు బోధపడేలా చెప్పు. లేదా కొలువు వదిలి పో!"

వద్దనడానికైనా, సరేననడానికైనా అతనికి ఎవరూ లేరు. తానే ఆలోచించుకున్నాడు.

తెల్లవారి రాజు పల్లకి బయలుదేరింది. దానిముందు సూరపరాజు ఒక్కడే నడుస్తున్నాడు. నాలుగడుగులకోసారి చెయ్యెత్తి పల్లకి ఆపేవాడు. దారిలో గులకరాయి తీసి పక్కన పెట్టేవాడు. కర్పూరం వెలిగించి, బోయీలకు నడక గురించి ఉపన్యాసం చెప్పేవాడు.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు రాజు.

"తమ ప్రయాణానికి సాయం, ప్రభూ."

ఎండెక్కింది. పల్లకి కోట గుమ్మం దాటి వంద అడుగులైనా పోలేదు. రాజుకు గొంతెండిపోయింది.

"నీ సాయం మండిపోనూ! పక్కకు తప్పుకో! వాళ్ల పని వాళ్లకు తెలుసు!"

సూరపరాజు చటుక్కున పక్కకు తప్పుకున్నాడు. పల్లకి గాలిలా సాగింది. అతను రొప్పుతూ పక్కనే పరిగెత్తి, "ప్రభూ, దొరగారి మాటకు అర్థం అదే. తమ నోటనే వచ్చింది" అన్నాడు.

బోయీలు బిక్కచచ్చి నిలబడిపోయారు. అంతలో పల్లకి ఊగిపోయేలా రాజు నవ్వాడు.

ఆనాడే మేళాలు ఆగాయి. కాలువకు రాజు బదులు కోట బళ్లు, పలుగులు వెళ్లాయి. వేసవి ముదరకముందే దిగువ పల్లెలకు నీళ్లు పారాయి.

"ఏం కావాలో కోరుకో, సూరపరాజూ" అన్నాడు రాజు ఆ సాయంత్రం నవ్వుతూ.

అతను చేతులు జోడించాడు. "ఇవాళ కాలువలో నీళ్లు పారడం చూశాను, ప్రభూ. ఇంటికెళ్తే ఆ సంగతి చెప్పుకోవడానికి ఎవరూ లేరు."

రాజు నవ్వు ఆగిపోయింది. భుజాన ఉన్న శాలువా తీసి అతనికి కప్పాడు. తన పక్కన పీట వేయించాడు.

"కూర్చో. మొదట ఏ ఊరికి చేరాయి నీళ్లు?"